ఒక్క తోలు పట్టీ చూసి ఒక ఇంటికి రజాకార్ల ముద్ర వేస్తారా?

నల్గొండ జిల్లాలో ఒక పాత ఇంటి అటక మీద దొరికిందంటూ తోలు పట్టీ ఫొటో ఒకటి వాట్సాప్‌లో తిరుగుతోంది. దానితో పాటు నాలుగు మాటలు: ఇది రజాకార్ల తూటాల పట్టీ, మీదున్న బాణం నిజాం గుర్తు, ఆ నల్లటి మరకలు నెత్తురు, కాబట్టి ఆ ఇంటివాళ్లు రజాకార్ల మనుషులు. ఆ చివరి మాట చూసే ఇది రాస్తున్నాను. రజాకార్ల పేరు చెబితే ఇప్పటికీ గుండె మండే ఊళ్లు మనవి. అలాంటి చోట ఆ నింద ఎవరి మీదైనా ఊరికే వేసేది కాదు.

ముందు బాణం సంగతి. మూడు గీతలు ఒక మొన దగ్గర కలిసే ఆ గుర్తు బ్రిటిష్ సర్కారు ఆస్తి అని తెలిపే ముద్ర. నిజాంకు దానితో సంబంధం లేదు. బాణం కింద 'ఐ' అక్షరం ఉంటే ఇండియా సైన్యం సామాను. 'సి' అక్షరం లోపల బాణం ఉంటే కెనడాది, రెండు 'డి'ల నడుమ ఉంటే ఆస్ట్రేలియాది.

ఇక పట్టీ. భుజం మీంచి ఏటవాలుగా వేసుకునే పొడవు, ముందు ఐదు జేబులు, ఒక్కోదానికి ఇత్తడి గుండీ. బ్రిటిష్ సైన్యం 1903లో తెచ్చిన నమూనా సరిగ్గా ఇలాగే ఉంటుంది. ఐదేసి త్రీనాట్‌త్రీ తూటాల క్లిప్పులు ఒక్కో జేబులో రెండు పడతాయి. మొత్తం 50 తూటాలు. ఖాసిం రజ్వీ రజాకార్లకు నాయకుడయ్యేనాటికి ఈ నమూనా వచ్చి నలభై ఏళ్లు దాటింది.

అలాగని రజాకార్లెవరూ ఇలాంటిది వాడలేదని నేననను. ఎవరైనా వాడి ఉండొచ్చు, అసలు విషయం అదే. సైన్యం పాత సామాను అమ్మేసేది. అలా అమ్మినవాటి మీద రెండు బాణాలు మొనలు తాకేలా ముద్ర వేసేవారు. ఆ తర్వాత అది షికారీ చేతికి పోయిందో, గడీ కాపలావాడి చేతికి పోయిందో ఏం తెలుస్తుంది? పైగా సాయుధ పోరాటంలో దళాలు గడీల నుంచీ రజాకార్ల నుంచీ ఆయుధాలు లాక్కున్నాయి. ఇవాళ నిందిస్తున్న ఆ ఇంటివాళ్లే రజాకార్లతో పోరాడినవాళ్లూ కావొచ్చు. ముద్ర వల్ల తెలిసేది ఎవరి సర్కారు సామాను అన్నదే, భుజాన వేసుకున్న మనిషెవరో కాదు.

నెత్తురు అన్నదైతే మరీ తొందరపాటు. తంగేడు చెక్క లాంటి చెట్టు బెరళ్లతో పదును చేసిన తోలుకు తడి ఉన్నప్పుడు ఇనుప తుప్పు తగిలితే నల్లబడుతుంది. కరక్కాయ, అన్నభేది కలిపి సిరా చేసిన పద్ధతి ఇదే. ఇనుప పెట్టెలో పెట్టినా, మేకుకు వేలాడదీసినా చాలు. గుండీల చుట్టూ పచ్చగా కనిపించేది చిలుము. నెత్తురో కాదో ల్యాబ్ తేల్చాలి, ఫొటో కాదు.

పట్టీ ఉన్నవాళ్లకు ఒక మాట. నూనె, బూట్ పాలిష్ పూయకండి. పొడిగుడ్డతో తుడిచి, టార్చ్ వెలుతురు పక్క నుంచి పడేలా పెట్టి లోపలివైపు వెతకండి. తయారీదారు పేరు, సంవత్సరం తరచుగా అక్కడే ఉంటాయి. ఇంట్లో పెద్దవాళ్లుంటే అది ఎలా వచ్చిందో అడిగి రాసిపెట్టండి. ఇక ఆ మెసేజ్‌ను ఇంటిపేరుతో సహా గ్రూపుల్లో పెట్టినవాళ్లు, దయచేసి ఇవాళే తీసేయండి.