సూపర్ జూపిటర్‌కు అల్లుడి మర్యాదలు

1984లో రోలాండ్ కంపెనీ ఎంకెఎస్-80 ‘సూపర్ జూపిటర్’ అనే సింథసైజర్‌ను (కరెంటుతో స్వరాలు పుట్టించే వాద్యాన్ని) ర్యాకులో బిగించే పెట్టెగా తెచ్చింది. ఎనిమిది వాయిస్‌లు (అంటే ఒకేసారి ఎనిమిది స్వరాలు), వాయిస్‌కు రెండేసి ఆసిలేటర్లు (స్వరాన్ని పుట్టించే సర్క్యూట్లు), మొత్తం 16. కీబోర్డు లేదు, వరుసగా నాబులూ లేవు. ఇంతటి ఘనుడు ఇంటికొస్తే అల్లుడి మర్యాదలు తప్పవు మరి.

మొదటి మర్యాద కరెంటు. జపాన్‌లో అమ్మిన పెట్టెకు 100 వోల్టులే పథ్యం. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా మన 230లో పెడితే వాయించకముందే పొగ రూపంలో దర్శనమిస్తాడు.

తరువాత నిద్ర లేపడం. స్విచ్చి వేసి అరగంట ఊరుకోవాలి. వేడెక్కాక ‘ఆటో ట్యూన్’ నొక్కితే ప్రాసెసర్ ఆసిలేటర్లను కొలిచి దారిలో పెడుతుంది. ఎందుకంటే అనలాగ్ ఆసిలేటర్‌కు ఉష్ణోగ్రతంటే మహా పట్టింపు. సర్దుబాటు లేని సర్క్యూట్ ఒక్క డిగ్రీ తేడాకే మూడు ఆక్టేవుల (స్థాయిల) దూరంలో సుమారు 12 సెంట్లు తప్పుతుంది (సెంటంటే అర్ధస్వరంలో నూరోవంతు). ఇంజినీర్లు ఇంత కష్టపడి తరిమిన ఆ లోపాన్నే ఇప్పుడు సాఫ్ట్‌వేర్ సింథసైజర్ల వాళ్లు ‘డ్రిఫ్ట్’ అని నాబు పెట్టి అమ్ముతున్నారు. కొనేవాళ్లు దాన్ని ‘వెచ్చదనం’ అంటారు. నిజం చెప్పొద్దూ, అన్ని వాయిస్‌లూ ఒకే స్వరం పలికే యూనిసన్‌లో 16 ఆసిలేటర్లూ వెంట్రుకవాసి తేడాతో రాసుకుంటే (440, 441 హెర్ట్జ్ కలిస్తే సెకనుకో అల) నోరు మూసుకుని వినాల్సిందే.

నాదం పదునును తగ్గించి పెంచే ఫిల్టర్‌ను కాస్త తెరవాలా? పారామీటర్ ఎంచుకోవాలి, విలువ మార్చాలి, మళ్లీ ఎంచుకోవాలి. ఈలోగా పాట అయిపోతుంది. స్లైడర్లు కావాలంటే ఎంపీజీ-80 అనే ప్రోగ్రామర్ పెట్టెను విడిగా కొనాలి. అల్లుడొచ్చాడు, చేతులు కట్నంలో విడిగా.

శైవ వైష్ణవ తగాదా కూడా ఉంది. ముందు తయారైన వాటిలో కర్టిస్ అనే కంపెనీ 3340 ఆసిలేటర్ చిప్పులు, తర్వాత వాటిలో రోలాండ్ సొంతవి. మూత విప్పకుండా వినికిడితో తేల్చేస్తామనేవాళ్లకు దూరం నుంచే నమస్కారం.

రోగనిర్ధారణ మాత్రం తేలిక. హోల్ మోడ్‌లో (ఎనిమిది వాయిస్‌లూ ఒకే నాదానికి పనిచేసే పద్ధతిలో), వాయిస్‌లు వంతులవారీగా తిరిగేలా పెట్టి, ఒకే స్వరాన్ని వరసగా నొక్కండి. ప్రతి ఎనిమిదోసారీ అదే అపస్వరమొస్తే ఒక వాయిస్‌లో తేడా ఉన్నట్టే. అన్నిట్లోనూ 100 హెర్ట్జ్ గుయ్యిమంటే పవర్ సప్లైలోని కెపాసిటర్లు ఎండిపోయాయేమో చూడాలి. నలభయ్యేళ్లు దాటింది, ఎండవా మరి. వాటిని ముట్టుకునే ముందు ప్లగ్ పీకి, మిగిలిన చార్జి దిగేదాకా ఆగాలి.

లోపలి 64 టోన్లను (దాచుకున్న నాదాల అమరికలను) కాపాడేది 3 వోల్టుల లిథియం బ్యాటరీ. అది పీకితే అవన్నీ గోవిందా. అందుకే ముందుగా ఎం-64సీ అనే మెమరీ కార్ట్రిడ్జ్‌లోకి దాచుకోవాలి.