రెడ్ కాయిన్ వార్డెన్ సారు జేబులో

నల్లగొండ గడియారం సెంటర్‌లో ఈ ఎండకాలం వెలసిన ఫ్లెక్సీల్లో ఒకదాని మీద ‘చదువుతో పాటు ఆటవిడుపు, ప్రతిరోజూ రిలాక్సేషన్ పీరియడ్’ అని ఉంది. కింద పచ్చగడ్డి మీద షటిల్ ఆడుతూ ఒక అబ్బాయి, ఒక అమ్మాయి నవ్వుతున్నారు. ఆ గడ్డి మే నెలలో ఈ జిల్లాలో ఎక్కడా మొలవదు. ఆ పిల్లల మొహాలు చూస్తే ఈ దేశం వాళ్లలాగా కూడా లేరు. అయినా సరే, ఇంటర్ పిల్లల ఉల్లాసం గురించి మన కాలేజీలు ఇంత బెంగ పెట్టుకున్నందుకు దండం పెట్టాల్సిందే.

సెలవుల్లో క్లాసులు నడపొద్దని ఇంటర్ బోర్డు ఏటా చెబుతుంది. కాలేజీలు ఏటా బుద్ధిగా వింటాయి. అందుకే క్లాసులు నడపరు, ‘బ్రిడ్జి కోర్సు’ నడుపుతారు. ముందు గేటుకు తాళమేసి పక్క సందులోని చిన్న గేటు తీస్తారు. యూనిఫాం వద్దంటారు. రంగు చొక్కా వేసుకునే భాగ్యం పిల్లలకు ఈ ఒక్క కాలంలోనే దక్కుతుంది కాబట్టి ఇదీ ఆటవిడుపు కిందే రాసుకోవాలి.

ఇక అసలు పీరియడ్‌కు వద్దాం. సాయంత్రం 4:40కి ఒక గంట, 5:00కి ఇంకో గంట. మధ్యలో ఉన్నదే విశ్రాంతి. గ్రౌండు లేదు కనుక 44 డిగ్రీల ఎండకు పొద్దంతా కాగిన రేకుల షెడ్డు కిందే అది జరుగుతుంది. ముందుగా పిల్లలను వరుసలో నిలబెట్టి తలలు లెక్కపెడతారు, అది ఆరు నిమిషాలు. తర్వాత స్టీలు గ్లాసులో మజ్జిగ. దానిని మజ్జిగ అనడం పెరుగుకు అన్యాయం, నీళ్లకూ అన్యాయమే. అప్పుడు ఆఫీసు తాళాలు వెతికి క్యారమ్ బోర్డు బయటకు తెస్తారు.

అవును, ఒక్కటే బోర్డు. అబ్బాయిలు 120 మంది. ఆటకు నలుగురు, రోజుకు ఒక ఆట అనుకుంటే ముప్పై రోజులకు ఒకసారి వంతు వస్తుంది. ఆదివారం గ్రాండ్ టెస్ట్ కాబట్టి అది అయిదు వారాలు. ఏప్రిల్ ఒకటిన స్ట్రైకర్ ముట్టినవాడు మళ్లీ మే మొదటి వారంలోనే ముడతాడు. ఈలోగా వేళ్లకు అలవాటు తప్పుతుందనుకుంటే పొరపాటు, ఆ బోర్డు మీద అలవాటుతో పనే లేదు. సంపు గోడకు ఆనించి పెట్టడంతో ప్లైవుడ్ చెమ్మ పీల్చి ఉబ్బింది. ఎండలో ఆరబెట్టేసరికి మధ్యలో బొడ్డులాగా లేచింది. కాయిన్‌ను కొట్టనక్కర్లేదు, నడుమ పెట్టి వదిలేస్తే దానంతటదే మూలకు నడిచిపోతుంది. బోరిక్ పౌడర్ అయిపోయిందని సుద్దముక్క నూరి చల్లుతారు. సుద్ద గరుకు, పైగా చెమట చేయి తగలగానే ముద్ద కడుతుంది. స్ట్రైకర్ సగం దూరం పోయి, ఫీజు కట్టని పోరనిలాగా అక్కడే నిలబడుతుంది.

కాయిన్లు తెల్లవి తొమ్మిది, నల్లవి తొమ్మిది, ఎర్రది ఒకటి ఉండాలి. తెల్లవి సరిపోయాయి. నల్లవి ఆరే మిగిలాయి. తక్కువపడ్డ మూడింట్లో రెండు సోడా మూతలు, ఒకటి ప్యాంటు గుండీ. మూతల పళ్లు బోర్డును గీకుతాయి. గుండీకి బరువు లేదు, తగలగానే లేచి మజ్జిగ బకెట్లో పడుతుంది. రెడ్ మాత్రం భద్రంగా ఉంది, వార్డెన్ సారు జేబులో.

“సార్, రెడ్ ఇయ్యుండ్రి సార్.”

“రెడ్ ఇస్తే లొల్లి పెట్టుకుంటర్రా. అది లేకుండ ఆడుండ్రి.”

రాణి లేని క్యారమ్స్‌ను కనిపెట్టిన ఘనత మన జిల్లాకే దక్కాలి. నలుగురు ఆడుతుంటే 116 మంది చుట్టూ మూగి చూస్తారు. దీనినే కాలేజీ వారు ‘సామాజిక మెలకువలు’ అంటారు. అమ్మాయిలకు ఇదీ లేదు. భద్రత దృష్ట్యా వాళ్ల ఆటవిడుపు గదిలోనే. ఆ ఇరవై నిమిషాల్లో బట్టలు ఉతుక్కోవాలి, జడ వేసుకోవాలి, ఇంటి నుంచి వచ్చిన పచ్చడి డబ్బా వాటాలేసుకోవాలి.

పాలమూరు పిల్లలమర్రి సంగతి గుర్తుండే ఉంటుంది. 2017 చివర్లో పెద్ద కొమ్మ విరిగిపడితే సందర్శకులను ఆపేశారు. 2018లో చెదల మందు కలిపిన సెలైన్ సీసాలు కొమ్మకొమ్మకూ వేలాడదీసి చుక్కచుక్కగా ఎక్కించారు. మంచి పని. ఏడువందల ఏళ్లదని చెప్పుకునే చెట్టుకు ఏళ్ల తరబడి విశ్రాంతి దొరికింది. పదహారేళ్ల పిల్లలకు చెదలు పట్టలేదు మరి, ఏం చేస్తాం.

ఆ పోరగాళ్లు ఒకరోజు గోడ దూకుతారు. ఎండకు తాళలేక నీళ్లు వెతుక్కుంటూ క్వారీ గుంత దాకా పోతారు. ఇక్కడ నవ్వు రావడం లేదు. వ్యవసాయ బావిలో ఈత ఎట్లా నేర్పుతారో ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. వీపుకు ఎండిన సొరకాయ బుర్రనో, మూత బిగించిన అయిదు లీటర్ల ఖాళీ నూనె డబ్బానో కడతారు. నడుముకు తాడు. ఆ తాడు కొస పట్టుకుని మెట్టు మీద మామో బాబాయో కూర్చుంటాడు. నాలుగు రోజులు కాళ్లు కొట్టడం, తర్వాత డబ్బా తీసేయడం. దానికి కావాల్సింది ఒక్క ఎండకాలం. ఆ ఎండకాలాన్నే ఆరో తరగతి నుంచి ఫీజు తీసుకుని మరీ లాక్కున్నారు. ఈత రాని పిల్లాడు క్వారీలోకి దిగితే మెట్లుండవు, అంచులు నిలువుకోత, తడిరాయి మీద వేలు ఆగదు. రెండు అడుగుల లోతు పక్కనే ఇరవై అడుగుల లోతు ఉంటుంది. ఒకడు మునుగుతుంటే దోస్తు దూకుతాడు, మునిగేవాడు మెడ పట్టుకుంటాడు, ఇద్దరూ పోతారు. దూకొద్దు, ఒడ్డునుంచే తాడో లుంగీయో, ఖాళీ క్యానో విసరమని ఆ పిల్లలకు ఒక్కడంటే ఒక్క లెక్చరర్ చెప్పాడా? ఆర్కిమెడిస్ సూత్రం మాత్రం నూరుసార్లు రాయించారు, సిగ్గులేకుండా!

ఎక్కడో ఒకచోట అట్లా జరిగిందని పేపర్లో వస్తే చాలు, తెల్లారేసరికి ప్రహరీ రెండడుగులు లేస్తుంది. దాని మీద గాజుపెంకులు గుచ్చుతారు. రిలాక్సేషన్ పీరియడ్ ఎత్తేసి స్టడీ అవర్ పెడతారు. ఫ్లెక్సీ మాత్రం దింపరు. హాస్టల్ వంటగది వెనక ఖాళీ నూనె డబ్బాలు కుప్పగా పడి ఉంటాయి, పాత సామాన్ల బండి వచ్చేదాకా.