డాకింగ్ స్కోరు వచ్చింది సరే, మందేదీ?

"రొమ్ము క్యాన్సర్‌కు మన కుర్రాళ్లు మందు కనిపెట్టారు" అని మళ్లీ ఓ వార్త వాట్సాప్‌లో తిరుగుతోంది. తెరిచి చూస్తే ఎప్పటిలాగే ల్యాప్‌టాప్‌లో చేసిన డాకింగ్, అంటే ఒక అణువు ప్రొటీన్‌లో ఎంత బాగా ఇముడుతుందో కంప్యూటర్‌తో వేసే అంచనా. పెరట్లో మొక్క ఒకటి, అందులో అణువు ఒకటి, మైనస్ 9.4 అని ఒక స్కోరు (మైనస్ ఎంత పెద్దదైతే పట్టు అంత గట్టిదని లెక్క). ఈ ఫీల్డ్‌లోనే బతుకుతున్నవాణ్ణి కాబట్టి కాస్త ఘాటుగానే రాస్తున్నా, ఏమనుకోకండి.

పని ఎలా జరుగుతుందో చెప్తా. ప్రొటీన్ల ఆకారాలు దాచే ప్రొటీన్ డేటా బ్యాంక్ నుంచి 3ఈఆర్‌టీ అనే ఫైలు దించుకుంటారు. అది ఈస్ట్రోజన్ రిసెప్టర్, చాలా రొమ్ము క్యాన్సర్లను పెంచే ఈస్ట్రోజన్ హార్మోన్‌ను పట్టుకునే ప్రొటీన్. దాని గుంటలో రొమ్ము క్యాన్సర్ మందు టామోక్సిఫెన్ నుంచి ఒంట్లో తయారయ్యే అణువు ఇరుక్కుని ఉంటుంది. దాన్ని పీకేసి, నీళ్ల అణువుల్ని చెరిపేసి, ఖాళీ చుట్టూ పెట్టె గీసి, ఉల్లిపాయల్లో ఉండే క్వెర్సెటిన్‌నో పసుపులో ఉండే కర్క్యుమిన్‌నో అందులోకి వదులుతారు. డాకింగ్ చేసే ఆటోడాక్ వీనా సాఫ్ట్‌వేర్ ఉచితం. టీ తాగొచ్చేలోపు స్కోరు వచ్చేస్తుంది. ఆకుపచ్చ, గులాబీ చుక్కల గీతలతో ఓ రంగుల బొమ్మ పెడితే పేపర్ రెడీ.

నాకు ఒళ్లు మండేది ఇక్కడే. స్కోరులో 1.4 కిలోకేలరీల తేడా అంటే పట్టు పదిరెట్లు మారినట్టు. వీనా తయారు చేసినవాళ్లే తమ 2010 పేపర్‌లో ఒప్పుకున్న పొరపాటు సుమారు 2.85. అంటే వంద రెట్లు అటూ ఇటూ కావచ్చు. మనవాళ్లేమో మైనస్ 8.9 కన్నా మైనస్ 9.4 గొప్పదని పట్టిక వేసి మరీ వాదిస్తారు! పైగా వలయాలు ఎక్కువున్న అణువుకు చాలా ప్రొటీన్ల దగ్గర మంచి స్కోరే వస్తుంది. క్వెర్సెటిన్ అతుక్కోని ప్రొటీన్ ఈ పేపర్లలో నాకింతవరకూ కనబడలేదు. జాతకాలు కలిశాయని అప్పుడే పెళ్లి భోజనాలు వడ్డించేస్తే ఎలా?

తర్వాత, నోటితో మింగే మందుగా అణువు పనికొస్తుందా అని చూసే లిపిన్‌స్కీ నియమాలు పాసైందని ఒక పేరా. అణుభారం 500 దాటకూడదట. హెర్2 (కొన్ని రొమ్ము క్యాన్సర్లలో మితిమీరి ఉండే ప్రొటీన్) మీద పనిచేసే లపాటినిబ్ మందు అణుభారం 581, అమెరికాలో 2007లోనే అనుమతి వచ్చింది. ఆ ముచ్చట ఎవరూ ఎత్తరు.

కొందరు కణాల మీద కూడా పరీక్షిస్తారు, సంతోషం. కానీ డాకింగ్ హెర్2 మీద, పరీక్ష ఎంసీఎఫ్-7 అనే రొమ్ము క్యాన్సర్ కణాల మీద! వాటిలో హెర్2 నామమాత్రం. హెర్2 దండిగా ఉన్న ఎస్‌కే-బీఆర్-3 కణాలు వాడాలి కదమ్మా అంటే, "మా ల్యాబ్‌లో ఇవే ఉన్నాయి సార్" అంటారు. వాళ్లను అని లాభం లేదు. రసాయనాలకు డబ్బుల్లేవు, కంప్యూటర్ ఉంది, గైడ్‌కు పేపర్ కావాలి. అంతా తెలిసీ ప్రెస్‌మీట్ పెట్టే పెద్దల మీదే నా కోపం.

కంప్యూటర్ దండగని నేననను, కానీ దాని వెంట ఏళ్ల తరబడి ప్రయోగాలూ ఉండాలి. రొమ్ము క్యాన్సర్ మందు కాపివాసెర్టిబ్ మూలాలు చిన్నచిన్న అణు ముక్కలు ప్రొటీన్‌ను ఎక్కడ పట్టుకుంటున్నాయో ఎక్స్-రేతో చూసి, వాటిని పెంచుకుంటూ పోయిన పనిలోనే ఉన్నాయి. 2000ల మొదట్లో మొదలైతే అనుమతి వచ్చింది 2023 నవంబర్‌లో. ఇనిపరిబ్ అనే ప్రయోగ మందు సంగతి చూడండి. కణాల్లో డీఎన్‌ఏ మరమ్మతు చేసే పార్ప్ ఎంజైమ్‌ను ఆపుతుందని నమ్మి, ట్రిపుల్ నెగటివ్ (హార్మోన్ రిసెప్టర్లు లేని, హెర్2 ఎక్కువగా లేని రకం) రొమ్ము క్యాన్సర్ రోగులు 500 మందికి పైగా ఉన్న మూడో దశ పరీక్షలో పెట్టారు. 2011లో బోల్తా కొట్టింది. అసలది కణాల్లో పార్ప్‌ను సరిగ్గా ఆపనే ఆపదని తర్వాత తేలింది. అంత డబ్బున్న కంపెనీలకే అలా అయితే, ఒక్క రాత్రి డాకింగ్ ఏపాటి?

ఇవన్నీ రోగులు చదువుతారండీ. 2022 అంచనా ప్రకారం మన దేశంలో ఆ ఒక్క ఏడాదే దాదాపు 1.92 లక్షల మందికి కొత్తగా ఈ జబ్బు వచ్చింది. మా పిన్ని టామోక్సిఫెన్ వాడుతోంది. మొన్న ఫోన్ చేసి, "ఒరేయ్, ఈ బిళ్లలు మానేసి పసుపు పాలు తాగితే చాలట కదరా, పేపర్లో పడింది" అంది. డాక్టర్ చెప్పేదాకా ఒక్క బిళ్ల కూడా ఆపొద్దని గట్టిగా చెప్పాను.

విలేకరి మిత్రులారా, ఈసారి ఎవరైనా మందు దొరికిందంటే మూడే అడగండి: ఏ కణాల మీద చూశారు, ఎంత మోతాదులో, ఇప్పుడున్న మందుతో పోల్చారా? జవాబు స్క్రీన్ మీద బొమ్మే అయితే, హెడ్డింగ్‌లో "మందు" అన్న మాట కొట్టేయండి.