గుండెపోటు షాక్‌కు పంపులు: ముప్ఫై ఏళ్ల పరీక్షలు తేల్చిందేమిటి?

గుండెపోటుతో ఆస్పత్రికి చేరేవారిలో నూటికి ఐదు నుంచి పదిమందికి గుండె కండరం దెబ్బతిని, శరీరానికి చాలినంత రక్తాన్ని పంపలేని స్థితి వస్తుంది. రక్తపోటు పై అంకె 90కి దిగువకు పడిపోతుంది, కాళ్లూ చేతులూ చల్లబడతాయి, మూత్రం తగ్గుతుంది, మనిషి అయోమయంలోకి జారుకుంటాడు. దీన్నే వైద్యులు కార్డియోజెనిక్ షాక్ అంటారు. స్టెంట్ వేసే సౌకర్యం, నిపుణులు సిద్ధంగా ఉన్నచోట కూడా ఇలాంటి రోగుల్లో దాదాపు సగం మంది మరణిస్తున్నారు. అందుకే అలసిన గుండెకు ఆసరాగా ఏదో ఒక యంత్రం పెట్టాలన్న ఆలోచన దశాబ్దాలుగా వైద్యులను ఆకర్షిస్తోంది. ఆ ఆలోచన ఎంత సహజంగా తోచినా, రోగులను చీటీ వేసినట్టు రెండు జట్లుగా విడదీసి మరణాలను లెక్కపెట్టిన తర్వాతే దాన్ని నమ్మాలని ఈ రంగపు చరిత్ర చెబుతోంది.

యంత్రాల కంటే ముందు, మూసుకుపోయిన రక్తనాళాన్ని వెంటనే తెరవాలా అన్న సంగతి తేలింది. జూడిత్ హాక్‌మన్ నేతృత్వంలో జరిగి 1999లో వెలువడిన ‘షాక్’ అధ్యయనంలో 302 మందిని చేర్చారు. ఒక జట్టుకు ముందుగా మందులతో నిలకడ తెచ్చే ప్రయత్నం చేశారు. రెండో జట్టుకు ఆలస్యం చేయకుండా యాంజియోప్లాస్టీ లేదా బైపాస్ చేశారు. ముప్ఫై రోజుల మరణాలు 56 శాతం, 46.7 శాతం. ఈ తేడా కాకతాళీయం కాదని గణాంకాలు నిరూపించలేకపోయాయి. అధ్యయనం ముందే ఎంచుకున్న గడువు ఆ ముప్ఫై రోజులే కాబట్టి, నియమం ప్రకారం చూస్తే అది విఫలమైనట్టే. కానీ ఆరు నెలలకు మరణాలు 63.1 శాతం, 50.3 శాతంగా తేలాయి, ఏడాదికీ ఆ మేలు నిలిచింది. ప్రపంచమంతటా వైద్యం ఈ ఫలితంతోనే మారింది, అలా మారడం సరైనదేనని నా అభిప్రాయం. గడువును ఎక్కడ ముగిస్తామన్నది కూడా జవాబును మార్చగలదు.

బెలూన్ పంపు కథ ఇందుకు భిన్నమైనది. గుండె సడలినప్పుడు మహాధమనిలో ఉబ్బి, ముడుచుకున్నప్పుడు సన్నబడే ఈ పరికరం 1960ల చివరి నుంచి వాడుకలో ఉంది. మార్గదర్శకాలు దాన్ని గట్టిగా సిఫారసు చేశాయి, తెరమీద రక్తపోటు గీతలు కూడా బాగుపడినట్టే కనిపించేవి. 2012లో జర్మనీలో హోల్గర్ థీలే బృందం 600 మందిపై పరీక్షిస్తే, ముప్ఫై రోజుల మరణాలు బెలూన్ పెట్టినవారిలో 39.7 శాతం, పెట్టనివారిలో 41.3 శాతం. అంటే చెప్పుకోదగ్గ తేడా ఏమీ లేదు. ఆ తర్వాత యూరప్ మార్గదర్శకాలు దాన్ని అందరికీ వాడవద్దని చెప్పాయి. నాలుగు దశాబ్దాలకు పైగా మంచి మనసుతోనే చేసిన ఒక చికిత్స ఇలా ప్రశ్నార్థకమైంది.

రక్తాన్ని బయటికి తీసి, ఆక్సిజన్ ఎక్కించి తిరిగి ఒంట్లోకి పంపే యంత్రం ఎక్మోకూ అదే అనుభవం ఎదురైంది. 2023లో అదే బృందం చేసిన అధ్యయనంలో 417 మంది వివరాలను విశ్లేషిస్తే, ఎక్మో పొందినవారిలో 47.8 శాతం, పొందనివారిలో 49 శాతం మరణించారు. ఓ మోస్తరు లేదా తీవ్ర రక్తస్రావం మాత్రం 9.6 శాతం నుంచి 23.4 శాతానికి పెరిగింది. అయితే ఆ రోగుల్లో నాలుగింట మూడొంతులకు పైగా అంతకుముందే గుండె ఆగి, సీపీఆర్‌తో తిరిగి ప్రాణం పోసుకున్నవారు. రక్తం అందక మెదడుకు కలిగిన నష్టాన్ని ఏ పంపూ సరిచేయలేదు.

ఈ తేడాను గుర్తించిన అధ్యయనమే 2024లో వెలువడిన ‘డాంజర్ షాక్’. డెన్మార్క్, జర్మనీ, బ్రిటన్‌లలో జరిగిన ఈ పరిశోధనలో, ఆస్పత్రి బయట గుండె ఆగి స్పృహ తిరిగి రానివారిని చేర్చుకోలేదు. రక్తనాళం పూర్తిగా మూసుకుపోయే రకం గుండెపోటు వచ్చినవారినే తీసుకున్నారు. ఎడమ జఠరికలోకి చొప్పించి రక్తాన్ని మహాధమనిలోకి తోసే చిన్న పంపు, ఇంపెల్లా, అమర్చినవారిలో 180 రోజుల మరణాలు 45.8 శాతం, మామూలు చికిత్స పొందినవారిలో 58.5 శాతం. సుమారు ఎనిమిది మందికి పంపు పెడితే ఒక ప్రాణం దక్కుతుందన్నమాట. షాక్ చికిత్సలో ఒక యంత్రం ప్రాణం నిలుపుతుందని ఇంత పెద్ద పరీక్షలో తేలడం ఇదే మొదలు, అందుకు మనం సంతోషించాలి. కానీ దాని మూల్యాన్నీ అదే పరిశోధన పత్రంలో చదవాలి. పంపు పెట్టినవారిలో డయాలసిస్ అవసరం 26.7 శాతం నుంచి 41.9 శాతానికి పెరిగింది. కాలికి రక్తం ఆగిపోవడం, రక్తస్రావం కూడా ఎక్కువయ్యాయి. కేవలం 360 మందిని చేర్చడానికి పదేళ్లు పట్టింది. నిమిషాల మీద ప్రాణం ఊగుతున్న వేళ రోగులను ఎంచి పరీక్షలో చేర్చడం ఎంత కష్టమో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఈ ఫలితాన్ని చూసి లక్షల రూపాయల పంపును షాక్ రోగులందరికీ పెట్టే ధోరణి మొదలైతే అది అధ్యయనాన్ని తప్పుగా చదవడమే అవుతుంది. మన రోగి ఆ యూరప్ రోగి కాడు. 2008లో వెలువడిన ‘క్రియేట్’ అధ్యయనం ప్రకారం, భారతదేశంలో నొప్పి మొదలయ్యాక ఆస్పత్రికి చేరడానికి పట్టిన మధ్యస్థ సమయం 360 నిమిషాలు. గ్యాస్ నొప్పి అనుకుని తెల్లవారే వరకు ఆగిన ఇళ్లు మన ఊళ్లలో కొత్త కాదు. గడ్డను కరిగించే టెనెక్టెప్లేస్ సూదిమందు దగ్గరలోని ఆస్పత్రిలోనే ఇచ్చి, ఆపై పెద్ద కేంద్రానికి పంపే పద్ధతి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మొదలైంది. షాక్‌లోకి జారకుండా ఆపే శక్తి ప్రధానంగా అక్కడే ఉంది, ముందుగా డబ్బు అక్కడ పెట్టాలి.

ఆలస్యంగా వచ్చి, సూదిమందు పడ్డాక షాక్‌లోకి వెళ్లిన రోగికి పంపు మేలు చేస్తుందా, లేక రక్తస్రావమే మిగులుతుందా అన్నది మన ఆస్పత్రుల్లోనే పరీక్షించాల్సిన ప్రశ్న. దానికి తొలి మెట్టు పెద్ద ఖర్చుతో కూడినదేమీ కాదు. ప్రతి షాక్ రోగికి నొప్పి ఎప్పుడు మొదలైంది, తొలి ఈసీజీ ఎప్పుడు తీశారు, నాళం ఎప్పుడు తెరిచారు, ఏ పరికరం వాడారు, 180వ రోజున ఆ మనిషి బతికి ఉన్నాడా అన్న ఐదు వివరాలను జిల్లా ఆస్పత్రి నుంచి కార్పొరేట్ ఆస్పత్రి వరకు ఒకే నమూనాలో నమోదు చేయాలి.