స్వదస్తూరీతో రాసివ్వండి

కాలేజీల పరీక్షల విభాగాలను ఊరికే తిట్టిపోసేవాళ్లంటే నాకు గిట్టదు. రూల్ అంటే రూలే. పరీక్షలో చెప్పింది చెప్పినట్టు రాసిపెట్టే సహాయకుణ్ణి స్క్రైబ్ అంటారు. "స్క్రైబ్ కావలసిన దివ్యాంగ విద్యార్థులు స్వదస్తూరీతో దరఖాస్తు రాసివ్వవలెను" అని నోటీసు బోర్డు మీద అంటించిన మహానుభావుడెవరో గానీ, ఆయనకు చేతులెత్తి మొక్కాలి. చేత్తో రాయలేనివాళ్లెవరో తేల్చడానికి చేత్తో రాయించి చూడడం కంటే సులువైన దారి ఇంకేముంటుంది? రాయగలిగితే స్క్రైబ్ అక్కర్లేదు. రాయలేకపోతే దరఖాస్తే లేదు. ఎటు తిరిగినా ఫైలు క్లోజ్.

మా మేనకోడలు ఈ ఏడే డిగ్రీలో చేరింది, బీఎస్సీ మ్యాథ్స్. పుట్టుకతో సెరిబ్రల్ పాల్సీ. మాట స్పష్టం, లెక్క ఇంకా స్పష్టం, వేళ్లు మాత్రం చెప్పినట్టు వినవు. పరీక్షకు స్క్రైబ్ కావాలని ఫోన్‌లో టైప్ చేసి, ప్రింట్ తీయించి, వాళ్ల నాన్నను వెంటబెట్టుకుని పరీక్షల విభాగానికి వెళ్లింది. కౌంటర్‌లో ఉన్నాయన చెడ్డవాడేమీ కాదు. కళ్లజోడు పైకి తోసుకుని కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడట.

"ఇది ఎవరు టైప్ చేశారమ్మా?"

"నేనే సార్."

"టైప్ చేసినదానివి రాయలేవా?"

"ఒక్క వేలితో చేశాను సార్. పెన్ను పట్టుకోవాలంటే ఒక్క వేలు చాలదు కదా."

"అది సరేనమ్మా. స్వదస్తూరీ అని ఉంది కదా రూల్‌లో."

"నేను రాయగలిగితే ఇక స్క్రైబ్ ఎందుకు సార్?"

"అదే నేనూ అంటున్నాను."

మా బావ కల్పించుకుని, పోనీ నేను రాసిస్తానండీ అన్నాడు. ఆయన కాసేపు ఆలోచించి, "రాయండి మాస్టారూ, కానీ అమ్మాయి రాసినట్టుగా రాయండి" అని సలహా ఇచ్చాడు.

ఇక్కడ నాకో ధర్మసందేహం. స్క్రైబ్‌ను అభ్యర్థే తెచ్చుకుంటే, అతని చదువు అభ్యర్థి చదువుకంటే ఒక మెట్టు కింద ఉండాలని 2018లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు చెప్పాయి. మా బావ ఎంకాం. అంటే దరఖాస్తు రాసిపెట్టడానికి కూడా అనర్హుడు. ఇంటర్ చదివే కుర్రాణ్ణి పట్టుకురావాలి. వాడిచేత రాయించడానికి అనుమతి కావాలి. అనుమతికి దరఖాస్తు కావాలి. అది స్వదస్తూరీతో ఉండాలి. దాన్ని రాసిపెట్టడానికి టెన్త్ వాడు, ఆ టెన్త్ వాడి కోసం తొమ్మిదో తరగతి వాడు... ఇలా దిగుతూ పోతే ఆఖరికి అంగన్‌వాడీలో పలక పట్టుకున్న బుడ్డోడొకడు "మహారాజశ్రీ ప్రిన్సిపాల్ గారి దివ్యసముఖమునకు" అంటూ దరఖాస్తు మొదలుపెడతాడు. వాడికి ఇంకా అక్షరాలే రావు గనుక కాపీ కొట్టిస్తాడన్న భయం కూడా ఉండదు. అధికారులు ఈ సూచనను సానుభూతితో పరిశీలించగలరు.

చివరికి పిల్లే రాసింది. కౌంటర్ అంచుకు ఆనుకుని, ఎడమ చేత్తో కుడి మణికట్టు గట్టిగా పట్టుకుని, నాలుగంటే నాలుగు వాక్యాలు. పెన్ను జారి కిందపడితే వెనక క్యూలో అబ్బాయి తీసి ఇచ్చాడు. అక్షరాలు పై గీత మీద మొదలై, సంతకం దగ్గరికి వచ్చేసరికి కాగితం కింది మూలకు జారిపోయాయి. చెమట పట్టిన ముఖంతో ఆ కాగితం అందిస్తే, ఆయన దాన్ని వెలుతురుకు పట్టి చూసి, నిజంగానే సంతోషపడి అన్నాడట: "బాగానే రాశావు కదమ్మా! చదవడానికి వస్తోంది!"

సరే, దరఖాస్తు తీసుకున్నారు. జత చేయవలసినవి చూద్దాం. దివ్యాంగుల గుర్తింపు కార్డు యూడీఐడీ ఉంది, వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ ఉంది, దాని మీద "శాశ్వతం" అని ప్రభుత్వ డాక్టర్లే రాశారు. చాలదు. ఆరు నెలల లోపు తీసుకున్నది కావాలి. డిగ్రీలో సీటొచ్చిన ఆనందంలో ఈలోగా సెరిబ్రల్ పాల్సీ ఏమైనా తగ్గిందేమోనని వాళ్ల ఆశ కాబోలు. ఒకవేళ తగ్గితే ఆ శుభవార్త ముందు ఇంట్లోవాళ్లకు చెబుతాం గానీ పరీక్షల విభాగానికి కాదు కదా. సదరం శిబిరానికి స్లాట్ దొరకడమే ఎంట్రన్స్ పరీక్షలో ర్యాంకు కొట్టినంత పని. దొరికాక జిల్లా ఆస్పత్రిలో పూటంతా కూర్చోవాలి. ఇదంతా ఇదివరకే "శాశ్వతం" అని తేలిపోయినదాన్ని మళ్లీ శాశ్వతం అనిపించుకోవడానికి.

నిజానికి ఆ కాగితం అడగడమే తప్పు. అంధత్వం, రెండు చేతుల మీదా ప్రభావం ఉన్న లోకోమోటర్ (కదలికల) వైకల్యం, సెరిబ్రల్ పాల్సీ: ఈ మూడింటిలో అభ్యర్థి అడిగితే చాలు, స్క్రైబ్ ఇవ్వాలని ఆ 2018 మార్గదర్శకాలే చెప్పాయి. రాయలేరని డాక్టరు ప్రత్యేకంగా ధ్రువీకరించవలసింది మిగతావాళ్ల విషయంలో. ఒకే కాగితంలో ఉన్న రెండు ముక్కల్లో, పిల్లను కట్టిపడేసే ముక్క అందరికీ కంఠస్థం. పిల్లకు పనికొచ్చే ముక్క దగ్గరికి వచ్చేసరికి "మాకు సర్క్యులర్ రాలేదండీ."

సమాన అవకాశాల విభాగం అని కూడా ఒకటుందండోయ్. దాని కోఆర్డినేటర్ గారే ఎన్ఎస్ఎస్, యాంటీ ర్యాగింగ్, మొక్కలు నాటడం కూడా చూస్తారు గనుక దొరకరు. ర్యాంపు ఉంది, కాలేజీలకు గ్రేడు ఇచ్చే నాక్ బృందం వస్తుందంటే దానికి రంగు వేస్తారు. ఒక అడుగు ఎత్తుకు కనీసం 12 అడుగుల పొడవు ఉండాలన్నది లెక్క. మనవాళ్లు స్థలం ఆదా చేశారు. ప్రస్తుతం లెక్చరర్ల బైకులు ఎక్కించుకోవడానికి వాడుతున్నారు.

మళ్లీ స్క్రైబ్ దగ్గరికే వస్తాను, నా కడుపుమంట అక్కడే ఉంది. ఒక మెట్టు కింద ఉంటే చాలదట, వేరే గ్రూపు వాడై ఉండాలని కాలేజీ సొంత రూల్ ఇంకోటి కలిపింది. అలా మ్యాథ్స్ ఇంటర్నల్‌కు లెక్కలు లేని ఇంటర్ సీఈసీ మొదటి సంవత్సరం కుర్రాడు దొరికాడు. పాపం, బంగారం లాంటి పిల్లాడు. ఇంటిగ్రల్ గుర్తు వేయరా అంటే పాములాంటి గీత గీసి, తోక ఎటు ఉండాలక్కా అని అడిగాడు. తీటా అంటే, "ఏ తీట అక్కా?" అన్నాడు. ఎక్స్ స్క్వేర్ అంటే 2ను ఎక్స్ పక్కనే వేశాడు. దిద్దినాయన దాన్ని రెండు ఎక్స్ అనుకుని కొట్టేశాడు. లెక్క చేసింది ఈ పిల్ల, తప్పు రాసింది ఆ పిల్లాడు, మార్కులు పోయింది ఎవరికి?

గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం ఇవ్వాలి. ఆ సమయం మొదలవగానే ఇన్విజిలేటర్ ఫ్యాన్లు కట్టేసి, తాళాల గుత్తి చేత్తో ఆడిస్తూ గుమ్మంలో నిలబడ్డాడు. ఇంకా ఎంతసేపమ్మా, అందరూ వెళ్లిపోయారు కదా, అని. అది ఆయన జేబులోంచి తీసి ఇస్తున్న సమయమా? 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో 17వ సెక్షన్ చదివితే అదనపు సమయమూ స్క్రైబూ రెండూ కనబడతాయి. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకు వేసి, రైటర్స్ క్రాంప్ (రాయబోతే చెయ్యి పట్టేసే జబ్బు) ఉన్న ఒక యూపీఎస్సీ అభ్యర్థి కేసులో, 40 శాతం వైకల్యం లేదన్న కారణంతో స్క్రైబ్‌ను కాదనడానికి వీల్లేదని తేల్చింది. ఎవరో దుర్వినియోగం చేస్తారేమోనన్న భయం సాకు కాదని కూడా చెప్పింది. అయినా మన రూళ్లన్నీ ఆ భయంతోనే తయారవుతాయి. ప్రశ్నపత్రాలు వాట్సాప్‌లో తిరిగే దేశంలో, పెన్ను పట్టుకోలేని పిల్ల మీద కాపలా పెట్టారు! దొంగలు దొరకలేదా మీకు?

ఈమధ్యే అదే కాలేజీ నుంచి బావకు ఫోన్ వచ్చింది. డిసెంబర్ 3, ప్రపంచ దివ్యాంగుల దినోత్సవం. "మీ అమ్మాయి మా అందరికీ స్ఫూర్తి సార్. స్టేజీ మీద శాలువా కప్పి సన్మానిస్తాం" అన్నారు. దీనికి దరఖాస్తు లేదు, సర్టిఫికెట్ లేదు, ఆరు నెలల గడువూ లేదు. తప్పకుండా వస్తానంది మా మేనకోడలు. మైకు ఇస్తే పరీక్షల విభాగం గురించి ఐదు నిమిషాలు మాట్లాడతానని కూడా చెప్పింది. కార్యక్రమ వివరాలు నిన్న వాట్సాప్‌లో వచ్చాయి. ప్రిన్సిపాల్ గారి ప్రసంగం, ముఖ్య అతిథి ప్రసంగం, పరీక్షల విభాగం అధికారి ప్రసంగం ఉన్నాయి. మా పిల్ల పేరు పక్కన మాత్రం "సన్మానం మాత్రమే" అని ఉంది.