ఈ వంటకం పేరు ఏమిటి?

మహారాజశ్రీ మ్యాప్ యాప్ గారికి,

శ్రీకాకుళం నుంచి నమస్కారాలు. ఉభయకుశలోపరి. గారు అన్నాను గానీ, రోజంతా నా చొక్కా జేబులోనే ఉంటావు కాబట్టి ఇక నువ్వనే అంటాను. ఏమనుకోకు.

మొన్న ఆదివారం అమ్మని శ్రీకూర్మం తీసుకెళ్లాను. విష్ణుమూర్తి తాబేలు రూపంలో పూజలందుకునే గుడి. ఆవరణలో నక్షత్ర తాబేళ్లుంటాయి. డిప్ప మీద పసుపు గీతలు చుక్కల్లా విచ్చుకుని ఉంటాయి, అందుకే ఆ పేరు. అమ్మ తోటకూర కట్ట విప్పి ఒకదాని ముందు పెట్టింది. అది మెడ చాపి తీరిగ్గా కొరుకుతుంటే ఫోటో తీసి, నలుగురూ చూస్తారు కదా అని నీకెక్కించాను. వెంటనే అడిగావు: "ఈ వంటకం పేరు ఏమిటి?"

"ఏటడుగుతందిరా అది?" అంది అమ్మ. చెప్పాను. "హవ్వ! స్వామి ముందరా!" అని నీ తరఫున తనే లెంపలేసుకుంది.

నాయనా, ఆ ఫోటోలో తింటున్నది తాబేలు. అసలు దాన్ని ఇంట్లో పెంచుకోడానికే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు. నువ్వడిగావు కదా అని నేనేదో ఇగురు పేరు రాస్తే అటవీశాఖ వాళ్లు వచ్చేది మా ఇంటికి. నీ ఇల్లు వాళ్లు ఏ మ్యాప్‌లో వెతుకుతారు?

'దాటవేయి' నొక్కాను. వదిలావా? పార్సిల్ ఇస్తారా, టేబుల్ ముందుగా బుక్ చేసుకోవచ్చా అని వెంటపడ్డావు. ఫోటో ఎక్కడ తీశానో, ఎన్ని గంటలకి తీశానో ఆ ఫోటోలోనే దాగి ఉంటుంది, అదంతా చదివేస్తావు. గుడి అని నీ మ్యాప్‌లో నువ్వే రాసుకున్నావు. అయినా ఇదేం బుద్ధి? పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందట. నీకు లోకమంతా హోటలే.

అరసవల్లిలో మాత్రం నీ గుడ్డి బాణం ఒకటి తగిలింది. బయట నిలబడి తీసిన ఫోటో పెడితే "ఇక్కడ సహజ కాంతి ఉంటుందా?" అన్నావు. ఏటా మార్చిలో, అక్టోబరులో పొద్దున్నే సూర్యకిరణాలు నేరుగా వచ్చి మూలవిరాట్టు పాదాల మీద పడే గుడి అది. ఉండకేం, అని నొక్కాను. "ధన్యవాదాలు! ఈ కేఫ్ గురించి మరికొన్ని ప్రశ్నలు" అన్నావు.

ఇక కళింగపట్నం. వంశధార సముద్రంలో కలిసే చోటు. అక్కడ 'లోతు ఎక్కువ, దిగరాదు' అన్న బోర్డుకి ఫోటో తీశాను, ఎవరికైనా పనికొస్తుందని. "ఇది మెనూనా?" అన్నావు. అక్షరాలు కనబడితే చాలు, నీకు మెనూయే. ఎండలో స్క్రీన్ సరిగ్గా కనబడక నా వేలు 'అవును' మీద పడింది, ఒప్పుకుంటున్నాను. ఇప్పుడా బోర్డు మెనూ కింద వేలాడుతోంది. ఆకలేసినవాడు చూసి భయపడతాడు. సముద్రంలో దిగేవాడు మెనూ ఎందుకు చూస్తాడు?

అన్నిటికన్నా మండింది శాలిహుండంలో. కొండ మీద రెండు వేల ఏళ్ల నాటి బౌద్ధ స్తూపాలు, కింద వంశధార. నీ ప్రశ్న: "ఈ స్థలము భోజనం-లోపల అందిస్తుందా?" హోటల్లో కూర్చుని తినడానికి నువ్వు పెట్టిన పేరా అది? ఈ చోటుని 1919లో వెలుగులోకి తెచ్చింది గిడుగు రామమూర్తి పంతులు గారు. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టినాయన. జనం మాట్లాడే తెలుగే రాయండర్రా అని జీవితమంతా పోట్లాడారు. ఆయన నడిచిన కొండ మీద నన్ను నిలబెట్టి 'భోజనం-లోపల' అంటావా? ఇంగ్లీషులోనే అడుగు, ఏమీ అనుకోను.

అమ్మ మాత్రం పైకి రాలేదు. కొంత దూరం ఎక్కి, మోకాళ్లు పట్టేసి, కిందికి దిగి చెట్టు నీడన కూర్చుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఎక్కగలరా, పైన తాగడానికి నీళ్లుంటాయా అని నాకన్నా ముందు వెళ్లినవాళ్లలో ఒక్కరినైనా నువ్వు అడిగి ఉంటే, చేతికర్ర తెచ్చేవాణ్ణి. లేదా నేనూ అక్కడే కూర్చునేవాణ్ణి. నువ్వు వాళ్లనీ టేబుల్ సంగతే అడిగి ఉంటావు.

ముందు ఆ బోర్డుని మెనూలోంచి తియ్యి. ఎలా తియ్యాలో వెతికి వెతికి నా కళ్లు లాగేస్తున్నాయి.

వచ్చే ఆదివారం మళ్లీ శ్రీకూర్మం వెళ్తున్నాం. ఈసారి రెండు కట్టలు కొనమంది అమ్మ. దారిలో వాటికి ఫోటో తీసి పెడతాను, అప్పుడడుగు. తోటకూర అని రాస్తాను.

ఇట్లు,
నీ జేబు యజమాని