పరుగు పద్దు, పూరీ పద్దు

బరంపురంలో ఆరోగ్యశాస్త్ర చర్చలు తెల్లవారుజామున అయిదున్నరకు రామలింగం చెరువు గట్టున మొదలై, ఏడు గంటలకు టిఫిన్ బండి దగ్గర తీర్మానానికి వస్తాయి. పరుగు, సైకిలు, తాడాటలలో ఏది ఎక్కువ కేలరీలను కరిగిస్తుందన్నదే ప్రస్తుత వివాదం. 1936లో ఈ ఊరు ఒరిస్సాలో చేరిన తర్వాత ఇక్కడి తెలుగువారిని ఇంతగా చీల్చిన సమస్య మరొకటి లేదని నా దృఢాభిప్రాయం.

నేను పరుగు పక్షం. గంటకు 8 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తే 70 కిలోల మనిషి గంటలో సుమారు 580 కేలరీలు ఖర్చు చేస్తాడు. అదే మనిషి తాపీగా నడిస్తే అందులో సగమైనా కావు. మా బావగారిది సైకిలు పక్షం. ఆయన గోపాల్‌పూర్ సముద్రతీరం దాకా తొక్కి వచ్చి ఆ దూరాన్ని ఊరంతా చాటుతారు గాని, బరువును సైకిలే మోస్తుంది కనుక కిలోమీటరుకయ్యే ఖర్చు పరుగులో సగం కూడా ఉండదన్న మాట మాత్రం నోట రానివ్వరు. తాడాటకు గంటకు 800 కేలరీల పైచిలుకు పడుతుందని పుస్తకాలు అంటున్నాయి, నేనూ ప్రయత్నించాను. పుస్తకంలో గంట ఉంది, నా మోకాళ్లలో నాలుగు నిమిషాలే ఉన్నాయి.

ఇందులో నాకు మిక్కిలి నచ్చిన సూత్రం ఒకటుంది. మెల్లగా పరుగెత్తినా వేగంగా పరుగెత్తినా కిలోమీటరుకు, శరీరపు బరువులో ప్రతి కిలోకూ, దాదాపు ఒక కేలరీ ఖర్చవుతుంది. అంటే గట్టు మీద నన్ను మూడుసార్లు దాటిపోయి, మూడోసారి వెనుదిరిగి నవ్విన ఆ బక్కపలచని కుర్రాడికంటే కిలోమీటరుకు నా ఖర్చే ఎక్కువ. పొట్ట పెంచిన పెద్దలకు ప్రకృతి ఇచ్చే కరువు భత్యం ఇదే కాబోలు.

నా చేతి గడియారం ఈ భత్యాన్ని మరింత ఉదారంగా లెక్కిస్తుంది. ఊరికే కూర్చున్నా గంటకు ఖర్చయ్యే 70 కేలరీలను కూడా పరుగు పద్దులోనే జమకట్టి, నన్ను అభినందిస్తుంది.

ఆ అభినందనతోనే బండి దగ్గరకు వెళ్తాను. మా ఊరి ఆచారం ప్రకారం పూరీ, ఉప్మా ఒకే ఆకులో పడతాయి. నేను పరుగెత్తిన 5 కిలోమీటర్లకు 350 కేలరీలు. నూనె గ్రాముకు 9 కేలరీలు. అంటే 40 గ్రాముల నూనె చెరువు చుట్టూ నేను కార్చిన చెమటనంతా మింగేస్తుంది, గోధుమపిండి, రవ్వ పద్దులు ఇంకా తెరవనే లేదు. కిలో కొవ్వు కరగడానికి సుమారు 7,700 కేలరీలు ఖర్చు కావాలి కనుక, ఏమీ అదనంగా తినకుండా 22 రోజులు పరుగెత్తాలి. బండివాడు ఆ 22 రోజుల్లో ఒక్కనాడూ సెలవు పెట్టడు.

ఇంటికి చేరేసరికి మా అత్తయ్య అప్పడాల పిండి దంచుతోంది. మినప్పిండి ముద్ద మీద చారెడు నూనె వేసి, రోకలి ఎత్తి వేస్తుంటే గచ్చు అదురుతోంది.

"పరుగెట్టొచ్చావా బాబూ? అయితే ఈ రోకలి కాస్త పట్టుకో."

పట్టుకున్నాను. యాభై పోట్లు పడకముందే చేతులు తిమ్మిరెక్కాయి, చొక్కా మళ్లీ తడిసింది. అప్పుడు గడియారం చిన్నగా మోగింది. చాలాసేపటి నుంచి కదలకుండా ఉన్నారు, కాస్త లేచి నడవండి, అని అందులో రాసి ఉంది.